ఎస్‌క్యూఎల్ క్వెరీల్లో నల్‌తో పని: ఏ వరుసలో ఏం చేయాలి

పదే పదే వచ్చే ప్రశ్నలు మూడు. "నాట్ ఇన్ పెడితే ఒక్క రో కూడా రావట్లేదేంటి?" "లెఫ్ట్ జాయినే రాశాను, అయినా ఆర్డర్లు లేని కస్టమర్లు కనిపించట్లేదు." "రిపోర్ట్‌లో మొత్తం తక్కువ వస్తోంది, డేటా మాత్రం సరిగ్గానే ఉంది." మూడింటిలోనూ దొంగ ఒకడే, నల్. ఎర్రర్ వస్తే ఏదోలా సరిచేసుకుంటాం. ఇక్కడ ఎర్రర్ రాదు, క్వెరీ చక్కగా నడిచి తప్పు లెక్క చేతిలో పెడుతుంది.

ఉదాహరణలన్నీ రెండు టేబుళ్ల మీదే. కస్టమర్లు: ఐడీ, పేరు, ఫోన్, రిఫరర్_ఐడీ (ఈ కస్టమర్‌ని ఎవరు తీసుకొచ్చారు అన్నది). ఆర్డర్లు: ఐడీ, కస్టమర్_ఐడీ, మొత్తం, డిస్కౌంట్, డెలివరీ_తేదీ. క్వెరీలను చదివే తీరులో తెలుగులోనే రాశాను, ఎడిటర్‌లో ఎప్పటిలాగే ఇంగ్లీషులో టైప్ చేసుకోండి.

1. ముందు ఈ ఒక్క సూత్రం

నల్ అంటే సున్నా కాదు, ఖాళీ స్ట్రింగూ కాదు. "ఇక్కడ విలువ లేదు, లేదా తెలియదు" అని చెప్పే గుర్తు. అందుకే దాన్ని దేనితో పోల్చినా జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, "తెలియదు" అని వస్తుంది. నల్ = నల్ అని అడిగినా అంతే.

వేర్ క్లాజ్ మాత్రం "నిజం" అని తేలిన రోలనే ఉంచుతుంది. "తెలియదు" వచ్చినవన్నీ చప్పుడు లేకుండా పోతాయి. ముందు నాట్ తగిలించినా లాభం లేదు, తెలియనిదానికి వ్యతిరేకం కూడా తెలియనిదే కదా.

డిస్కౌంట్ = 10 ఉన్న ఆర్డర్లు లెక్కపెట్టండి, డిస్కౌంట్ <> 10 ఉన్నవీ లెక్కపెట్టండి. రెండూ కలిపితే టేబుల్‌లోని మొత్తం రోలు రావాలి అనిపిస్తుంది. కానీ డిస్కౌంట్ నల్ ఉన్నవి రెండింట్లోనూ ఉండవు.

అండ్, ఆర్ దగ్గర ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. "తెలియదు అండ్ అబద్ధం" అంటే అబద్ధం. "తెలియదు ఆర్ నిజం" అంటే నిజం. మిగతా చోట్ల తెలియదు అనేదే పైకి వస్తుంది. దిగువన నాట్ ఇన్ గొడవ అర్థం కావడానికి ఇది చాలు.

2. క్వెరీ ముట్టుకునే ముందు చేయాల్సినవి

ముందు ఏ కాలమ్‌లో ఎన్ని ఖాళీలున్నాయో చూడండి. ఒకే క్వెరీ చాలు:

సెలెక్ట్ కౌంట్(*), కౌంట్(డిస్కౌంట్), కౌంట్(డెలివరీ_తేదీ) ఫ్రమ్ ఆర్డర్లు;

కౌంట్(*) అన్ని రోలనూ లెక్కపెడుతుంది, కౌంట్(కాలమ్) నల్ లేనివాటినే. రెండింటి తేడాయే ఆ కాలమ్‌లోని ఖాళీల సంఖ్య.

తర్వాత దొంగ ఖాళీల సంగతి. ఫైళ్ల నుంచి లోడ్ చేసిన డేటాలో ఇవి తప్పకుండా దొరుకుతాయి: ఖాళీ స్ట్రింగ్, రెండు మూడు స్పేసులు, 'ఎన్/ఏ', 'నల్' అని అక్షరాలతో రాసిన పదం, -1, 9999-12-31 లాంటి తేదీ. ఇవి నల్ కావు కాబట్టి ఈజ్ నల్‌కి దొరకవు. పైగా -1 నేరుగా యావరేజ్‌లో కలిసిపోతుంది. స్ట్రింగ్ కాలమ్ అయితే ఇలా ఒకే దారిలోకి తెచ్చుకోండి:

నల్‌ఇఫ్(ట్రిమ్(ఫోన్), '')

అంటే అటూ ఇటూ ఉన్న స్పేసులు తీసేశాక ఏమీ మిగలకపోతే నల్ ఇవ్వమని. ఒరాకిల్ డేటాబేస్‌లో మాత్రం ఖాళీ స్ట్రింగ్‌ని నల్‌గానే చూస్తారు, అక్కడ ట్రిమ్ ఒక్కటే సరిపోతుంది. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారేవాళ్లకి మొదట తగిలే దెబ్బ ఇదే.

మూడోది అసలైన పని, చాలామంది వదిలేసేది కూడా ఇదే: ఆ ఖాళీకి అర్థం ఏంటో తేల్చుకోవడం. డెలివరీ_తేదీ ఖాళీ అంటే "ఇంకా అందలేదు". రిఫరర్_ఐడీ ఖాళీ అంటే "ఎవరూ తీసుకురాలేదు, తనే వచ్చారు". ఫోన్ ఖాళీ అంటే "నంబర్ ఉండే ఉంటుంది, మన దగ్గర లేదు". డిస్కౌంట్ ఖాళీ అంటే? "ఇవ్వలేదు" అనా, "ఎంటర్ చేయడం మర్చిపోయారు" అనా? మొదటిదైతే సున్నా పెట్టొచ్చు, రెండోదైతే పెట్టకూడదు. ఇది ఎస్‌క్యూఎల్ చెప్పేది కాదు, డేటా ఎంటర్ చేసేవాళ్లని అడిగి తెలుసుకోవాల్సింది.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:
- క్వెరీలో వాడబోయే ప్రతి కాలమ్‌లో ఎన్ని నల్స్ ఉన్నాయో తెలుసా?
- దొంగ ఖాళీలు ఉన్నాయా, ఏ రూపంలో?
- ప్రతి ఖాళీకి అర్థం ఏంటో ఒక ముక్కలో చెప్పగలరా?
- ఏ డేటాబేస్, ఏ వెర్షన్?

3. వెతకడం, పోల్చడం

వేర్ ఫోన్ = నల్ అని రాయకండి, ఏమీ రాదు. వేర్ ఫోన్ ఈజ్ నల్, లేదా ఈజ్ నాట్ నల్. ఇది అందరికీ తెలిసిందే, కానీ ఇదే తప్పు కేస్‌లో దాక్కుని వస్తుంది:

కేస్ ఫోన్ వెన్ నల్ దెన్ 'లేదు' ఎల్స్ ఫోన్ ఎండ్

ఈ రకం కేస్ లోపల = తోనే పోలుస్తుంది కాబట్టి ఆ 'లేదు' ఎప్పటికీ రాదు. కేస్ వెన్ ఫోన్ ఈజ్ నల్ దెన్ 'లేదు' ఎల్స్ ఫోన్ ఎండ్ అని రాయాలి.

రెండు కాలమ్‌లను పోల్చేటప్పుడు, ముఖ్యంగా "పాత విలువ మారిందా?" అని చూసేటప్పుడు, పాత <> కొత్త సరిపోదు. నల్ నుంచి 50కి మారినా అది పట్టుకోదు. అలాంటి చోట ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ వాడండి, అది రెండు నల్స్‌ని సమానంగా చూస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎప్పటి నుంచో ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2022 వెర్షన్ నుంచి వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో <=> అనే గుర్తు "నల్‌తో సహా సమానం" అని చెబుతుంది, ఆ మొత్తం పోలిక ముందు నాట్ పెట్టుకుంటే సరి.

4. నాట్ ఇన్: ఇక్కడ కాసేపు ఆగండి

ఎవరినీ రిఫర్ చేయని కస్టమర్ల జాబితా కావాలి. చేయి ఆడినట్టు రాస్తే ఇలా వస్తుంది:

సెలెక్ట్ పేరు ఫ్రమ్ కస్టమర్లు వేర్ ఐడీ నాట్ ఇన్ (సెలెక్ట్ రిఫరర్_ఐడీ ఫ్రమ్ కస్టమర్లు);

ఫలితం: సున్నా రోలు. టేబుల్‌లో లక్ష మంది ఉన్నా సున్నాయే, ఎందుకంటే లోపలి జాబితాలో కనీసం ఒక్క నల్ ఉంది.

లోపలి క్వెరీ 2, 7, నల్ అని ఇచ్చిందనుకోండి. ఐడీ 5 ఉన్న కస్టమర్ దగ్గరికి వచ్చేసరికి డేటాబేస్ దాన్ని ఇలా చదువుకుంటుంది: 5 <> 2 అండ్ 5 <> 7 అండ్ 5 <> నల్. మొదటి రెండూ నిజం, మూడోది తెలియదు. మొత్తం మీద తెలియదు. ఐడీ 2 అయితే మొదటి పోలికే అబద్ధం. అంటే ఏ రోకీ "నిజం" అనే జవాబు వచ్చే దారే లేదు.

దీన్ని సరిచేయడానికి రెండు మార్గాలు. లోపలి క్వెరీకి వేర్ రిఫరర్_ఐడీ ఈజ్ నాట్ నల్ చేర్చడం ఒకటి. రెండోది, నేను ఎప్పుడూ చెప్పేది (క, ర అనేవి టేబుల్‌కి పెట్టిన పొట్టి పేర్లు):

సెలెక్ట్ క.పేరు ఫ్రమ్ కస్టమర్లు క వేర్ నాట్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ కస్టమర్లు ర వేర్ ర.రిఫరర్_ఐడీ = క.ఐడీ);

మొదటిది పనిచేస్తుంది, కానీ ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి. ఈ రోజు నల్ లేని కాలమ్‌లో రేపు ఒకటి వచ్చి పడితే నిన్నటి దాకా నడిచిన రిపోర్ట్ ఉన్నట్టుండి ఖాళీగా వస్తుంది. నాట్ ఎగ్జిస్ట్స్‌కి ఆ భయం లేదు, అది "సరిపోయే రో ఉందా లేదా" అని మాత్రమే చూస్తుంది. సబ్‌క్వెరీతో నాట్ ఇన్ రాయడం పూర్తిగా మానేయండి. చేత్తో రాసిన జాబితాకి, నాట్ ఇన్ (1, 2, 3) లాంటివాటికి, ఉంచుకోండి. అక్కడ కూడా కాలమ్ నల్ ఉన్న రోలు రావని మర్చిపోవద్దు.

నాట్ లేని మామూలు ఇన్‌కి ఈ సమస్య లేదు. జాబితాలో నల్ ఉన్నా సరిపోయినవి సరిగ్గానే వస్తాయి.

5. జాయిన్లు

లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ రోలన్నీ ఉంచేది) రాసి, తర్వాత వేర్‌లో కుడి టేబుల్ మీద షరతు పెట్టడం ఎక్కువగా కనిపించే తప్పు.

ఫ్రమ్ కస్టమర్లు క లెఫ్ట్ జాయిన్ ఆర్డర్లు ఆ ఆన్ ఆ.కస్టమర్_ఐడీ = క.ఐడీ వేర్ ఆ.మొత్తం > 500

ఇక్కడ 'ఆ' అంటే ఆర్డర్లకి పెట్టిన పొట్టి పేరు. ఆర్డర్లు లేని కస్టమర్లకి ఆ.మొత్తం నల్‌గా వస్తుంది, నల్ > 500 తెలియదు, వేర్ వాళ్లని కొట్టేస్తుంది. మీరు రాసింది లెఫ్ట్ జాయిన్, నడిచింది ఇన్నర్ జాయిన్ (రెండు వైపులా సరిపోయిన రోలనే ఉంచేది). ఆ షరతుని ఆన్ వైపుకి మార్చండి: ఆన్ ఆ.కస్టమర్_ఐడీ = క.ఐడీ అండ్ ఆ.మొత్తం > 500. అప్పుడు కస్టమర్లందరూ ఉంటారు, 500 దాటిన ఆర్డర్లు మాత్రమే పక్కన చేరతాయి.

ఒక్క ఆర్డరూ లేని కస్టమర్లే కావాలంటే వేర్‌లో ఈజ్ నల్ పెడతాం కదా, అది ఏ కాలమ్ మీద పెడుతున్నారో చూసుకోండి. ఆ.ఐడీ ఈజ్ నల్ సరైనది. ఆ.డెలివరీ_తేదీ ఈజ్ నల్ అని పెడితే ఆర్డర్ ఉండి ఇంకా అందనివాళ్లు కూడా కలిసిపోతారు. జాయిన్ వల్ల పుట్టిన నల్, టేబుల్‌లో నిజంగా ఉన్న నల్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అందుకే ప్రైమరీ కీ మీదే పరీక్షించాలి.

కస్టమర్‌కి ఎన్ని ఆర్డర్లో లెక్కపెట్టేటప్పుడూ ఇదే జాగ్రత్త. లెఫ్ట్ జాయిన్ తర్వాత కౌంట్(*) వేస్తే ఆర్డర్ లేనివాళ్లకి కూడా 1 వస్తుంది, ఎందుకంటే వాళ్ల రో ఒకటి ఉంది కాబట్టి. కౌంట్(ఆ.ఐడీ) వేయండి, సున్నా వస్తుంది.

6. కూడికలు, యావరేజ్‌లు

మూడు ఆర్డర్లు అనుకుందాం. మొత్తాలు 1000, 2000, 3000. డిస్కౌంట్లు 100, నల్, 300.

సమ్(మొత్తం - డిస్కౌంట్) వేస్తే 3600 వస్తుంది. రెండో రోలో 2000 - నల్ = నల్, సమ్ దాన్ని వదిలేస్తుంది, అంటే డిస్కౌంట్ తెలియని పాపానికి 2000 మొత్తం లెక్కలోంచి మాయం. అదే సమ్(మొత్తం) - సమ్(డిస్కౌంట్) వేస్తే 5600. ఖాళీ అంటే "డిస్కౌంట్ ఇవ్వలేదు" అని 2వ మెట్టులో తేల్చుకున్నారంటే సరైనది 5600, దాన్ని స్పష్టంగా సమ్(మొత్తం - కోయలెస్(డిస్కౌంట్, 0)) అని రాయండి (నల్ ఉన్న చోట పక్కన ఇచ్చిన 0ని తీసుకునే ఫంక్షన్ కోయలెస్).

యావరేజ్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. ఏవీజీ(డిస్కౌంట్) 200 ఇస్తుంది, 400ని ఇద్దరికే పంచింది. ఏవీజీ(కోయలెస్(డిస్కౌంట్, 0)) 133.33 ఇస్తుంది. రెండూ సరైనవే, ప్రశ్నలు వేరు. "డిస్కౌంట్ ఇచ్చినప్పుడు సగటున ఎంత ఇస్తున్నాం" అంటే మొదటిది, "ఒక్కో ఆర్డర్ మీద సగటున ఎంత పోతోంది" అంటే రెండోది. రిపోర్ట్ అడిగినవాళ్లకి ఏది కావాలో అడగండి, వాళ్లకీ ఈ తేడా తట్టి ఉండకపోవచ్చు.

మిగతావి త్వరగా:
- ఒక్క రో కూడా లేనప్పుడు సమ్ సున్నా ఇవ్వదు, నల్ ఇస్తుంది. కౌంట్ మాత్రం సున్నా ఇస్తుంది. కోయలెస్(సమ్(మొత్తం), 0) అని బయట చుట్టండి.
- కౌంట్(డిస్టింక్ట్ కాలమ్) నల్‌ని లెక్కలోకి తీసుకోదు.
- గ్రూప్ బై, డిస్టింక్ట్ రెండూ నల్స్ అన్నింటినీ ఒకే గుంపుగా చూస్తాయి. పోలికల్లో నల్, నల్ సమానం కావన్న సూత్రం ఇక్కడ వర్తించదు.
- గ్రూప్ బైతో రోలప్ (గుంపుల పై మొత్తాల రోలు కూడా చేర్చేది) వాడితే మొత్తాల రోలో కూడా నల్ కనిపిస్తుంది. అది డేటాలోని నల్లో, రోలప్ పెట్టిందో గ్రూపింగ్() ఫంక్షన్‌తో తేల్చుకోవచ్చు.
- గ్రేటెస్ట్ ఫంక్షన్ పోస్ట్‌గ్రెస్‌లో నల్‌ని వదిలేసి మిగతావాటిలో పెద్దది ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లలో ఒక్క నల్ ఉన్నా జవాబు నల్.

7. నింపడం: ఎప్పుడు, ఎక్కడ

కోయలెస్ ఇచ్చిన వరుసలో మొదట నల్ కానిదాన్ని తీసుకుంటుంది. కోయలెస్(మొబైల్, ఇంటి_ఫోన్, 'నంబర్ లేదు') లాగ ఎన్నైనా ఇవ్వొచ్చు. అన్ని పెద్ద డేటాబేసుల్లోనూ పనిచేస్తుంది కాబట్టి ఎన్‌వీఎల్, ఐఎఫ్‌నల్, ఈజ్‌నల్ లాంటి సొంత ఫంక్షన్ల కంటే దీన్నే అలవాటు చేసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈజ్‌నల్ మొదటి విలువ టైప్‌నే పట్టుకుంటుంది, అది మూడక్షరాల కాలమ్ అయితే మీరిచ్చిన పొడుగు మాట మూడక్షరాలకి తెగిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో అదే పేరున్న ఫంక్షన్ పనే వేరు, అది ఒక విలువ తీసుకుని అది నల్లా కాదా అని 1 లేదా 0 చెబుతుంది.

నా మటుకు నేను పాటించే నియమం ఒకటే: వీలైనంత చివర నింపండి. సబ్‌క్వెరీలో, వ్యూలో, మధ్య టేబుల్‌లో కోయలెస్(..., 0) పెట్టేస్తే పై మెట్టులో ఉన్నవాళ్లకి ఏది నిజమైన సున్నా, ఏది మీరు పెట్టిన సున్నా అని తెలుసుకునే దారి ఉండదు. ఎక్కడ పడితే అక్కడ సున్నా పెట్టేసి "నల్ సమస్య తీరింది" అనుకోవడం నల్ కంటే పెద్ద సమస్య. లెక్కకి అవసరమైన చోట, లేదా స్క్రీన్ మీద చూపించే చివరి సెలెక్ట్‌లో, అంతే.

వేర్‌లో కాలమ్ చుట్టూ కోయలెస్ పెట్టకుండా ఉంటే మంచిది. వేర్ కోయలెస్(డిస్కౌంట్, 0) = 0 అంటే ఆ కాలమ్ మీద ఉన్న మామూలు ఇండెక్స్ సాధారణంగా పనికిరాదు. వేర్ డిస్కౌంట్ = 0 ఆర్ డిస్కౌంట్ ఈజ్ నల్ అని విడదీసి రాయండి. వేరే షరతులు కూడా ఉంటే ఈ ఆర్ చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి.

భాగహారంలో సున్నా ఎర్రర్ వస్తుంటే నల్‌ని మనవైపు తిప్పుకోవచ్చు: మొత్తం / నల్‌ఇఫ్(సంఖ్య, 0). సున్నా ఉన్న చోట జవాబు నల్ వస్తుంది, క్వెరీ ఆగదు.

పేర్లు అతికించేటప్పుడు: పోస్ట్‌గ్రెస్‌లో || తో ఒక్క ముక్క నల్ అయినా మొత్తం నల్, కాన్‌క్యాట్ ఫంక్షన్ మాత్రం నల్‌ని వదిలేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో కాన్‌క్యాట్ కూడా నల్ ఇస్తుంది. కాన్‌క్యాట్_డబ్ల్యూఎస్ రెండింట్లోనూ నల్ ముక్కల్ని దాటేసి మిగతావి అతికిస్తుంది, మధ్య పేరు లేనివాళ్లకి డబుల్ స్పేస్ కూడా రాదు.

8. వరుసలో పెట్టడం

ఆరోహణ క్రమంలో పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ నల్స్‌ని చివర పెడతాయి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూఎల్‌లైట్ మొదట పెడతాయి. డెస్క్ (అవరోహణ క్రమం) పెడితే తలకిందులవుతుంది, అందుకే పోస్ట్‌గ్రెస్‌లో "అన్నిటికంటే కొత్తవి పైన" అని అడిగితే తేదీ లేనివన్నీ వచ్చి నెత్తిన కూర్చుంటాయి.

పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్‌లైట్ 3.30 నుంచి: ఆర్డర్ బై డెలివరీ_తేదీ డెస్క్ నల్స్ లాస్ట్. మైఎస్‌క్యూఎల్‌లో: ఆర్డర్ బై డెలివరీ_తేదీ ఈజ్ నల్, డెలివరీ_తేదీ డెస్క్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కేస్ వెన్ డెలివరీ_తేదీ ఈజ్ నల్ దెన్ 1 ఎల్స్ 0 ఎండ్ అని ముందు పెట్టుకోవాలి.

9. టేబుల్‌లోనే సరిచేయాలంటే

ఖాళీ ఉండకూడని కాలమ్ అని తేలితే క్వెరీల్లో ఎన్నాళ్లని తిప్పలు పడతారు, మూలంలోనే ఆపండి. వరుస ముఖ్యం:

- కొత్త నల్స్ రాకుండా ముందు డిఫాల్ట్ పెట్టండి. అప్లికేషన్ నేరుగా నల్ అని పంపితే డిఫాల్ట్ ఆపలేదు, ఆ కోడ్‌ని కూడా మార్చించండి.
- ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అప్‌డేట్ నడిపి, ఎన్ని రోలు మారాయో మీ ముందటి లెక్కతో పోల్చి, అప్పుడు కమిట్ చేయండి.
- చివర నాట్ నల్ పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్ టేబుల్ తనంతట తానే కమిట్ చేసేస్తుంది, రోల్‌బ్యాక్ మీద ఆశ పెట్టుకోకండి.

పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ బాగా పెద్దదైతే ముందు చెక్ (కాలమ్ ఈజ్ నాట్ నల్) అనే నిబంధనని నాట్ వాలిడ్‌తో (పాత రోలని అప్పుడే పరీక్షించకుండా) చేర్చి, తర్వాత వాలిడేట్ చేసి, ఆ పైన సెట్ నాట్ నల్ అనండి. 12వ వెర్షన్ నుంచి ఆ చివరి మెట్టులో టేబుల్ మొత్తాన్ని మళ్లీ చదవదు, లాక్ ఎక్కువసేపు ఉండదు.

ఇక్కడ పెద్ద ప్రమాదం అప్‌డేట్‌లో సబ్‌క్వెరీ. వేరే టేబుల్ నుంచి ఫోన్ నంబర్లు తెచ్చి పెడదామని అప్‌డేట్ కస్టమర్లు సెట్ ఫోన్ = (సెలెక్ట్ ...) అని రాస్తారు. అక్కడ సరిపోయే రో లేని ప్రతి కస్టమర్‌కీ సబ్‌క్వెరీ నల్ ఇస్తుంది, అంతకుముందు ఉన్న మంచి నంబర్ కూడా చెరిగిపోతుంది. ఖాళీలు నింపబోయి కొత్త ఖాళీలు చేసుకున్నట్టు. వేర్ ఎగ్జిస్ట్స్ తో సరిపోయే రో ఉన్నవాళ్లకే పరిమితం చేయండి, దానికి తోడు ఫోన్ ఈజ్ నల్ కూడా చేర్చండి.

చెక్ నిబంధనల్లో సూత్రం తిరగబడుతుంది. చెక్ (డిస్కౌంట్ >= 0) అనేది "అబద్ధం" వస్తేనే ఆపుతుంది, "తెలియదు" వస్తే వదిలేస్తుంది, కాబట్టి నల్ హాయిగా లోపలికి వస్తుంది. వద్దనుకుంటే నాట్ నల్ విడిగా పెట్టాలి.

యూనిక్ దగ్గర డేటాబేసుకో తీరు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్‌లైట్ ఎన్ని నల్స్ అయినా ఒప్పుకుంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది, అక్కడ ఎక్కువ కావాలంటే వేర్ కాలమ్ ఈజ్ నాట్ నల్ ఉన్న ఫిల్టర్డ్ యూనిక్ ఇండెక్స్ పెట్టుకోవాలి. ఒక్కటే ఉండాలంటే పోస్ట్‌గ్రెస్ 15 నుంచి యూనిక్ నల్స్ నాట్ డిస్టింక్ట్ ఉంది.

10. ఫలితం తేడాగా ఉంటే ఎక్కడ వెతకాలి

- ఒక్క రో కూడా రావట్లేదు: నాట్ ఇన్ లోపల నల్, లేదా = నల్.
- కొన్ని రోలు తగ్గాయి: <> లేదా నాట్ ఉన్న షరతు, లెఫ్ట్ జాయిన్ తర్వాత వేర్, లేదా జాయిన్ చేసే కాలమ్‌లోనే నల్ (రెండు వైపులా నల్ ఉన్నా కలవవు).
- మొత్తం తక్కువ: సమ్ లోపల రెండు కాలమ్‌ల లెక్క.
- సున్నా రావాల్సిన చోట 1: లెఫ్ట్ జాయిన్ మీద కౌంట్(*).
- సున్నా రావాల్సిన చోట ఖాళీ: రోలు లేని సమ్.
- పేరు మొత్తం మాయం: అతికించేటప్పుడు ఒక ముక్క నల్.
- ఈజ్ నల్ పెట్టినా ఖాళీగా కనిపించే రోలు దొరకట్లేదు: అవి ఖాళీ స్ట్రింగులు.

టెస్ట్ డేటాలో ఈ నాలుగు రోలు ఎప్పుడూ ఉంచుకోండి: అన్ని ఐచ్ఛిక కాలమ్‌లూ నల్ ఉన్న ఆర్డర్ ఒకటి, ఒక్క ఆర్డరూ లేని కస్టమర్ ఒకరు, ఫోన్‌లో ఖాళీ స్ట్రింగ్ ఉన్న కస్టమర్ ఒకరు, నిజంగానే డిస్కౌంట్ సున్నా ఉన్న ఆర్డర్ ఒకటి. కొత్త క్వెరీని ముందు వీటి మీద నడిపి, ఆ నాలుగూ ఎక్కడికి వెళ్లాయో ఒక్కొక్కటిగా చూడండి.